డీసెంట్ అని చదివాను

ఖతర్ తోటల్లో జంతువులు చూసుకునే పనికి కుదిరిన మా వైపు పిల్లలు ఈమధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. "కాకా, ఆ పని ఎట్లుంటది? ఏం జాగర్తలు పడాలె?" అని అడుగుతారు. నేనేమీ పశువుల డాక్టర్ని కాదు. ఆ పనిలో చాలా ఏళ్ళుండి, మోకాళ్ళు అరిగాక తిరిగొచ్చినవాణ్ణి, అంతే. మా ఊళ్ళో చాలామంది దృష్టిలో ఇప్పటికీ నేను దుబాయ్‌లో పిల్లుల్ని కాసొచ్చినవాణ్ణి. అది దుబాయ్ కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను. పిల్లులు కావని మాత్రం ఇంకా చెబుతుంటాను.

ఫోన్ చేసినవాళ్ళకు రెండే మాటలు చెబుతాను. నీళ్ళ తొట్టి రోజూ కడగండి. తెలియని మాటను తెలిసినట్టు చదవకండి. మొదటిది అందరికీ అర్థమవుతుంది. రెండోదానికి "సరే కాకా" అని ఊరుకుంటారు. అది ఎందుకు చెబుతున్నానో ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు మాట మార్చేశాను. అందుకే రాస్తున్నాను.

నేను మొదట వెళ్ళింది కట్టడం పనికి. ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు, కంపెనీ బస్సు, సైటు మీద ఇనుప చువ్వలు కట్టే డ్యూటీ. ఒకసారి కంపెనీ నన్నూ ఇంకో నలుగురినీ దోహాకు దూరంగా ఎడారిలో ఉన్న ఒక పెద్దమనిషి తోటకు కంచె స్తంభాలు పాతడానికి పంపింది. మేం వెళ్ళిన రెండో రోజు అక్కడ ఒక మేక ఈనలేక గింజుకుంటోంది. మా ఇంట్లో మేకలుండేవి కాబట్టి నాకు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. చేతులు కడుక్కుని పోయి, అడ్డం తిరిగిన పిల్లను సర్ది బయటికి లాగాను. ఆ తోట యజమాని వెనకే నిలబడి చూస్తున్నాడట. మూడు నెలలు తిరక్కుండా మా కంపెనీతో మాట్లాడి, నన్ను వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం ఇప్పించి, నన్ను తన దగ్గర పెట్టుకున్నాడు. మేమంతా ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళం. కోపిష్టి కాదు, మాట తక్కువ మనిషి. జింకలు, ఒంటెలు, నిప్పుకోళ్ళు, రంగురంగుల చిలుకలు, ఎవరైనా బహుమానంగా ఇచ్చిన ఏ వింత జంతువైనా ఆయనకు ప్రాణం.

ఆ తోటలో నాకంటే ముందు నుంచే నిజామాబాద్ ఆయన ఒకరున్నారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఇంట్లో దక్కనీ, బయట మన తెలుగు, రెండూ ఒకే నోట్లో కలిసిపోయి వచ్చేవి. వాళ్ళది మాంసం దుకాణం. చిన్నప్పటి నుంచీ ఆ దుకాణంలో కత్తి పట్టినవాడు. పట్టీపట్టీ ఎలా విసుగొచ్చిందో ఎప్పుడూ వివరంగా చెప్పలేదు గానీ, ఒకసారి చిలుకల గూడు కడుగుతూ అన్నాడు.

"మా దుకాన్ల ఏ మేకకూ పేరుండదు తమ్మీ. పేరు పెడితే చెయ్యి ఆడదు. ఈడ అన్నిటికీ పేర్లున్నయ్, పొద్దున పోయి పిలుస్తే వస్తయ్. నన్ను మళ్ల ఆ కత్తి పట్టుమంటే ఇగ నాతోని కాదు."

కానీ ఆ మాట అన్ననాటికే ఆయన ఉద్యోగం దారం మీద వేలాడుతోంది. నేను చేరకముందు ఏడాది ఒక జింక కంచెలో కాలు ఇరుక్కుని చచ్చిపోయింది. ఆ రోజు గేటు సరిగా వేయనిది భాయ్. అర్బాబ్ అరవలేదు, తిట్టలేదు. "నీ చేతిలో ఇంకొక్క జంతువు పోయిందంటే ఖలాస్, ఇంటికి పోతావు" అని మాత్రం అన్నాడట. ఇక అప్పటి నుంచి భాయ్‌కి గేట్ల పిచ్చి పట్టింది. వేసిన గొళ్ళెం మళ్ళీ లాగి చూసేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. "భాయ్, నువ్వు గుంజి గుంజి గొళ్ళేలు సాగుతున్నయ్" అంటే, "సాగనీ, నేనైతే ఈడ ఉంట కదా" అనేవాడు.

అలాంటి రోజుల్లో ఆ స్కంక్ వచ్చింది.

మన భాషలో దానికి పేరు లేదు, మన దేశంలో ఆ జంతువే లేదు. అమెరికా అడవుల్లో ఉంటుంది. పిల్లి అంత ఉంటుంది, నల్లటి ఒళ్ళు, నెత్తి మీద మొదలై తోక దాకా రెండు తెల్లటి చారలు, కుంచె లాంటి పెద్ద తోక. అర్బాబ్ స్నేహితుడెవరో విమానంలో తెప్పించి ఇచ్చాడు. అర్బాబ్ దాన్ని అరబ్బీలో జరిబాన్ లాంటిదేదో మాటతో పిలిచాడు. భాయ్ చెవికి అది దర్బాన్ అని వినపడింది. దర్బాన్ అంటే ఉర్దూలో గేటు దగ్గర కాపలా ఉండేవాడు. "అచ్ఛా, మన దర్బాన్ సాబ్ వచ్చిండు" అని భాయ్ దానికి సలాం కొట్టాడు. అది ఆడదని తర్వాత తెలిసినా పేరు మారలేదు.

దాని గొప్పతనమంతా వెనక భాగంలోనే ఉందని అర్బాబ్ ఫోన్లో వీడియో చూపించాడు. తోక కింద రెండు చిన్న సంచులు, వాటిలో పసుపు పచ్చటి నూనె లాంటిది. శత్రువు మీదికొస్తే ముందు కాళ్ళు నేల మీద టపటపా కొడుతుంది. అప్పటికీ పోకపోతే తోక ఎత్తుతుంది. అప్పటికీ పోకపోతే ఒళ్ళు వంచి, ముఖమూ వెనక భాగమూ రెండూ శత్రువు వైపే తిప్పి, నాలుగైదు గజాల దూరం దాకా చిమ్ముతుంది. ఆ కంపు కళ్ళలో పడితే కాసేపు చూపు ఆనదు, ఒంటికి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. వీడియోలో ఒక పెద్ద కుక్క అది తగిలి మట్టిలో పొర్లుతూ కుయ్యోమంటోంది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం.

పెట్టెతో పాటు ఒక ఫైలు వచ్చింది, అంతా ఇంగ్లీషు. నేను పదో తరగతి తప్పినవాణ్ణే గానీ ఇంగ్లీషులో పాసయ్యాను. ఆ పాసు మార్కులే కొంప ముంచాయి. నా కొంప కాదు. తోటలో నాలుగు అక్షరాలు కూడబలుక్కోగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి మందు సీసాల మీద రాత నుంచి బస్తాల మీద రాత దాకా అందరికీ చదివి పెట్టేది నేనే. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. భాయ్ పక్కన నిలబడి అడిగాడు.

"ఏం రాసిన్రు తమ్మీ?"

"ఆడదట. రెండేండ్లట. ఇగ ఇదేందో... డీ-సెంటెడ్."

"అంటే?"

నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో తెలియదు అంటే సరిపోయేది. కానీ చదువొచ్చినవాణ్ణని అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"డీసెంట్ అన్నట్టు, భాయ్. మర్యాద గలది. ఊరికే ఎవ్వల మీదికి రాదు."

"షరీఫ్ అన్నట్టు!" భాయ్ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి తోటకు ఎవరొచ్చినా "డరో మత్, షరీఫ్ జాన్వర్ హై, కాయిదంల రాసున్నది" అని చెప్పేవాడు. కాగితంలో రాసి ఉందన్న మాటకు ఆయన దగ్గర అంత విలువ.

నేను చెప్పిన అర్థం ఎంత చక్కగా కుదిరిందంటే, అనుమానించడానికి సందు దొరకలేదు. కొత్తలో మేం గదిలోకి పోతే దర్బాన్ కాళ్ళు టపటపా కొట్టేది, తోక ఎత్తేది. మేం బకెట్లు పారేసి పరిగెత్తేవాళ్ళం. ఒక్కసారీ చిమ్మలేదు. "చూసినవా, బెదిరిస్తది గాని కొట్టది, డీసెంట్" అనేవాణ్ణి నేను. వారానికోసారి దోహా నుంచి వచ్చే మస్రీ డాక్టర్, అంటే ఈజిప్టు ఆయన, ఫైలు చూసి, దాన్ని ఒట్టి చేతులతో ఎత్తుకుని తోక పైకెత్తి పరీక్ష చేసేవాడు. మేం దూరంగా ముక్కులు మూసుకుని ఆయన ధైర్యానికి నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళం. ఆయన మమ్మల్ని చూసి నవ్వేవాడు. మేం పిరికివాళ్ళమని నవ్వుతున్నాడనుకున్నాం.

దాని తిండి భాయ్ చూసుకునేవాడు. దర్బాన్ పూర్తిగా ఆయన బాధ్యతే. అది తిననిదంటూ లేదు. పురుగులు, మిడతలు, కోడి మాంసం ముక్కలు, చిన్న ఎలుకలు, పుచ్చకాయ, ఖర్జూరం. గుడ్డు ఇస్తే ఒక కొసన కొరికి, చిల్లులో మూతి పెట్టి చప్పుడు చేస్తూ నాకేది. నూగు ఉన్న గొంగళి పురుగు దొరికితే ముందు కాళ్ళతో నేల మీద దొర్లించి దొర్లించి, నూగంతా పోయాక తినేది. భాయ్ దాన్ని చూసి, "మా అమ్మ ఇట్లనే కాకరకాయ రుద్దుతుండె" అనేవాడు. చూపు మాత్రం తక్కువ, నాలుగు అడుగుల అవతల ఏముందో దానికి తెలియదు. వాసన పట్టి, గోళ్ళతో ఇసుక తవ్వి, లోపలి పురుగును బయటికి లాగేది. భాయ్ అడుగుల చప్పుడు గుర్తుపట్టాక కాళ్ళు కొట్టడం మానేసింది. ఆయన ప్యాంటు అంచు పట్టుకుని వెనకే నడిచేది.

ఎండాకాలమంతా ఏసీ గదిలో ఉంచి, చల్లబడ్డాక బయట జాలీ కట్టిన దొడ్లోకి మార్చాం. అప్పటి నుంచి దాని ఆకలికి హద్దు లేదు. పెట్టింది పెట్టినట్టే తిని గుండ్రంగా తయారైంది, నడిస్తే పొట్ట నేలకు తగిలేది. ఎండుగడ్డి పొట్ట కిందకు లాక్కుని, వెనక్కి వెనక్కి నడుస్తూ తాను తవ్వుకున్న బొరియలోకి చేరవేసుకునేది. డిసెంబరు వచ్చింది. ఒక పొద్దున పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజు భాయ్ నన్ను వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పాయె తమ్మీ. లేస్తలేదు, పలుకుతలేదు. నా పని ఖతం."

బొరియ దగ్గర ఇద్దరం బోర్లా పడుకున్నాం. కంపు చిమ్ముతుందేమో అన్న భయం కూడా మర్చిపోయి భాయ్ భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. "ఊపిరున్నది" అన్నాడు. "శానా నెమ్మదిగ ఉన్నది గాని, ఉన్నది."

డాక్టర్‌కు ఫోన్ చేస్తే అదేమీ రోగం కాదన్నాడు. దాని దేశంలో ఆ రోజుల్లో మంచు పడుతుందట. ముందే ఒళ్ళు పెంచుకుని, బొరియలో ముడుచుకుని, వారాల తరబడి ఆ కొవ్వు మీదే బతుకుతుందట. చచ్చినట్టు పడుకోదు, సగం నిద్ర. కాస్త వెచ్చటి రోజొస్తే లేచి బయటికొచ్చి చూసి మళ్ళీ పోతుంది. ఇక్కడ మంచు లేకపోయినా దాని ఒంటికి ఆ అలవాటు పోలేదు. తిండి తగ్గించండి, నిద్ర లేపకండి, అన్నాడు. ఇదీ అందరికీ వివరించి చెప్పింది నేనే. నా ఇంగ్లీషుకు తోడు ఇప్పుడు డాక్టర్ మాట కూడా నా దగ్గరే ఉంది. నాకంటే దర్బాన్ గురించి తెలిసినవాడు తోటలో లేడని నేను నమ్మాను, నన్ను భాయ్ నమ్మాడు.

చలికాలం అర్బాబ్ తోటలో గుడారాలు వేసి స్నేహితులతో గడిపేవాడు. జనవరిలో ఒక శుక్రవారం అతిథులు వస్తున్నారనీ, వాళ్ళతో వేటకుక్కలు కూడా వస్తున్నాయనీ పొద్దున్నే కబురొచ్చింది. సలూకీలంటారు వాటిని, సన్నగా పొడుగ్గా ఉంటాయి, జింకను తరిమి పట్టే జాతి. భాయ్ నా దగ్గరికొచ్చాడు. దర్బాన్ దొడ్డి జాలీ కింద తవ్వి, ఒక మూల సందు చేసింది. కొత్త జాలీ ఇంకా రాలేదు. సందుకు అడ్డంగా పలక పెట్టాం గానీ అది గట్టిది కాదు.

"దర్బాన్‌ను తీసి ఏసీ గదిల పెట్టి తాళం ఏస్త తమ్మీ. కుక్కలు పోయినంక మళ్ల తెస్త."

"నిద్రల ఉన్నదాన్ని గుంజి లేపుతవా? డాక్టర్ వద్దన్నడు కదా."

"ఆ సందుల నుంచి కుక్క వస్తే?"

"రానీ. ఒక్కసారి ఆ కంపు తగిలిందంటే ఏ కుక్కైనా తోక ముడుచుకుని ఉరుకుతది. వీడియో చూసినవ్ కదా. అది దర్బాన్ భాయ్, దానికి మళ్ల కాపలా ఏంది?"

భాయ్ నవ్వలేదు. "నీకు ఎరుకనే కదా?" అన్నాడు.

"నాకు ఎరుకనే" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ వెచ్చగా కాసింది. మేమిద్దరం గుడారానికి చాయ్ పట్టుకుపోతున్నాం. దొడ్డి వైపు నుంచి మొరుగుడు వినపడింది. చాయ్ అక్కడే పెట్టి పరిగెత్తాం. వెచ్చటి రోజని దర్బాన్ లేచి బయటికొచ్చింది. ఒక సలూకీ పలక తోసేసి, ఇసుక తవ్వి, సందులోంచి దూరి లోపలికొచ్చేసింది. రెండింటికీ మధ్య నాలుగైదు అడుగుల దూరం.

భాయ్ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు భాయ్, తమాషా చూడు. నువ్వు పోతే నీకు తగుల్తది" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఇది రాయడానికే ఇన్నాళ్ళూ వెనకాడాను.

దర్బాన్ ముందు కాళ్ళతో నేల కొట్టింది, టపటపా. కుక్క ఆగింది. నిజంగానే ఆగింది, చెవులు వెనక్కి పెట్టి ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. "చూసినవా" అన్నాను. దర్బాన్ మళ్ళీ కాళ్ళు కొట్టింది, తోక నిటారుగా ఎత్తింది, వెంట్రుకలన్నీ విచ్చుకుని తోక ఇంతైంది. కుక్క మెడ చాచి వాసన చూసింది. అప్పుడు దర్బాన్ ఒళ్ళు వంచి, వెనక భాగం కుక్క వైపు తిప్పి, భుజం మీంచి దాన్నే చూస్తూ నిలబడింది. నేను ముక్కు మూసుకున్నాను. ఏమీ రాలేదు. కుక్క ఇంకో అడుగు ముందుకొచ్చింది. ఏమీ రాలేదు. బొరియ నోరు దర్బాన్‌కు రెండు మూరల దూరంలో ఉంది. అది అటు పరిగెత్తలేదు. తోక ఎత్తి, అదే వంపులో, కదలకుండా నిలబడింది.

భాయ్ నా చెయ్యి విదిలించుకుని లోపలికి దూకేసరికి కుక్క దాన్ని నడుము దగ్గర పట్టి రెండుసార్లు విదిలించేసింది. ఆయన ఒట్టి చేతులు దాని దవడల మధ్య పెట్టి విడదీశాడు. దర్బాన్ ఆయన ఒడిలో పడ్డది. తోక ఇంకా సగం లేచే ఉంది. కాసేపటికి అది కూడా వాలిపోయింది. భాయ్ చేతుల నుంచి కారుతున్నది ఎవరి నెత్తురో తెలియలేదు. "నన్ను గుర్తువట్టి కాళ్లు కొట్టుడు బంజేసిండె" అన్నాడు.

భాయ్‌ని డ్రైవర్ ఆస్పత్రికి తీసుకుపోయాడు. చేతికి కుట్లు వేసి, ఇంజక్షన్లిచ్చి ఆ రాత్రికి అక్కడే ఉంచారు. మర్నాడు పొద్దున మస్రీ డాక్టర్ తోటకు వచ్చాడు. నేను ఆయన పక్కన నిలబడి, "అది ఎందుకు చిమ్మలేదు డాక్టర్?" అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఫైలు తీసి ఆ మాట మీద వేలు పెట్టాడు.

"ఇది చదవలేదా మీరు? సెంట్ అంటే రీహా, వాసన. డీ అంటే మాఫీ, లేదు అని. రీహా మాఫీ. పిల్లగా ఉన్నప్పుడే ఆ సంచులు కోసి తీసేశారు. పెంచుకునేవాళ్ళ ఇళ్ళలో కంపు రాకూడదని అలా చేస్తారు. దానికి ఏ ఆయుధమూ లేదు."

నేను ఆ అక్షరాలు మళ్ళీ కూడబలుక్కున్నాను. డీసెంట్ కాదు. మర్యాద కాదు. రెండేళ్ళ జంతువుకు తన దగ్గర ఏం లేదో దానికే తెలియదు. పుట్టుకతో వచ్చిన ధైర్యం ఒంట్లో అలాగే ఉంది, ధైర్యానికి ఆధారమైనది ఒక్కటే లేదు. అందుకే పారిపోలేదు. ఆ మాటను నేను కాస్త సరిగా చదివి ఉంటే ఏసీ గదిలో తాళం వేసి ఉండేవాళ్ళం. ఆ మధ్యాహ్నం అది లేచి, ఎండలో ఒకసారి ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పడుకునేది. నాకు ఇప్పటికీ ఇసుక మీద ఏదైనా టపటపా కొట్టిన చప్పుడు వింటే లేచి పోయి చూసొస్తాను.

ఆ మధ్యాహ్నమే భాయ్ కట్టు కట్టిన చెయ్యితో తిరిగొచ్చాడు. సాయంత్రం అర్బాబ్ మా ఇద్దర్నీ గుడారంలోకి పిలిచాడు. కుక్క యజమాని మీద కూడా ఆయనకు కోపముందని తర్వాత విన్నాను, కానీ అతిథిని ఏమనగలడు. మాకొచ్చిన హిందీలో, గొంతు పెంచకుండా అడిగాడు.

"కుక్కలు వస్తున్నాయని పొద్దున్నే చెప్పాను. దాన్ని గదిలో ఎందుకు పెట్టలేదు? పెట్టొద్దని ఎవరన్నారు?"

భాయ్ నా వైపు చూశాడు. ఎంతసేపో నాకు తెలియదు, మనిషి ఒక ఊపిరి తీసి వదిలేంత సేపే కావచ్చు. నా నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. నేను వద్దన్నాను, నేనే తప్పు చదివాను, ఆయన చెయ్యి పట్టి ఆపిందీ నేనే. అంతే చెప్పాలి. కానీ మళ్ళీ ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు, ఎండలో చువ్వలు, లేదా ఇంటికి, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి. నేను తల దించి నా చెప్పుల వైపు చూసుకున్నాను. ఎడమ చెప్పు వారు తెగబోతోంది.

"దర్బాన్ నా జిమ్మా, సాబ్. నేనే పెట్టలే" అన్నాడు భాయ్.

"ఖలాస్" అన్నాడు అర్బాబ్.

పది రోజుల్లో ఆయన కాగితాలు తయారయ్యాయి. ఆ పది రోజులూ భాయ్ నాతో మామూలుగానే మాట్లాడాడు. ఏ జింకకు కాలు నొప్పో, ఏ చిలుకకు పొద్దున పండు పెడితే అరుస్తుందో, ఏ గొళ్ళెం పైకి లేపి తొయ్యాలో ఒక్కొక్కటీ చూపించాడు. విమానాశ్రయానికి నేనే వెంట పోయాను. దారిలో చెబుదామనుకున్నాను. లోపలికి పోయే తలుపు దగ్గర చెబుదామనుకున్నాను. ఆయన సామాను ట్రాలీ మీద సర్దుతూ ఉంటే పక్కన నిలబడ్డాను. "ఒంటె పిల్లకు పాలు మర్వకు" అని చెప్పి లోపలికి పోయాడు.

ఆ తర్వాత నేను ఆ తోటలో చాలా ఏళ్ళున్నాను. అర్బాబ్ నన్ను అందరి మీదా పెద్దగా పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఉస్తాద్ అనేవాళ్ళు. ఏ కాగితమొచ్చినా తెలియని మాట కింద గీత పెట్టి, డాక్టర్ వచ్చాక అడిగి రాసుకునేవాణ్ణి. అది చూసి అందరూ నన్ను మహా జాగ్రత్తపరుడు అనుకునేవాళ్ళు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

వచ్చేశాక, పోయిన ఏడాది నిజామాబాద్ వెళ్ళాను. దుకాణం వెతకడానికి పెద్ద కష్టపడలేదు. భాయ్ మొద్దు ముందు కూర్చుని మాంసం కొడుతున్నాడు. గడ్డం తెల్లబడింది. కుక్క కరిచిన చేతి వేళ్ళు రెండు సరిగా ముడుచుకోవడం లేదు, కత్తిని మూడు వేళ్ళతో పట్టుకుంటున్నాడు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఎదురు హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాడు. పిల్లలు, పెళ్ళిళ్ళు, నా మోకాళ్ళు, అన్నీ అయిపోయాయి. అప్పుడు చెప్పాను.

"భాయ్, ఆ కాయిదంల డీసెంట్ అని లేకుండె. దాని కంపు సంచులు కోసేసిన్రని రాసుండె. నేను తప్పు చదివిన."

"ఎరుకే" అన్నాడు. "ఆస్పత్రి నుంచి వస్తుంటే గేటు కాడ డాక్టర్ కలిసిండు. చెప్పిండు."

అంటే ఆ సాయంత్రం గుడారంలో నిలబడేటప్పటికే ఆయనకు తెలుసు.

"మరి అర్బాబ్ అడిగినప్పుడు ఎందుకు చెప్పకపోతివి భాయ్?"

"నువ్వు చెప్తవనుకున్న."

చాయ్ గ్లాసు కింద పెట్టి, చెయ్యి తుడుచుకున్నాడు. కోపం లేదు గొంతులో, అదుంటే బాగుండేది.

"తప్పు చదివినందుకు నాకేం లేదు తమ్మీ. నాకైతే ఆ తప్పు కూడా చదవరాదు. చెయ్యి పట్టి ఆపినందుకు లేదు, నువ్వు దాన్ని నమ్మినవ్. ఇద్దరం చెప్తే ఇద్దరం ఇంటికి పోతుంటిమేమో, పోకపోతుంటిమేమో. గాని నేను ఒక్కణ్ణే పోయినట్టు నాకు ఉండకపోతుండె."

దుకాణం ముందు ఎవరో కిలో అడిగారు. ఆయన లేచి మొద్దు దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను కూడా లేచి, చెప్పులు వేసుకుని, "పోయొస్త భాయ్" అన్నాను. మన దిక్కు గడప దాకా వచ్చిన పరాయి మనిషికైనా మళ్ళీ రమ్మని చెబుతారు. భాయ్ కత్తి చేతిలోకి తీసుకుని, "మంచిది" అన్నాడు.